నాలుగు రైళ్ళు, ఒక దీర్ఘం

నాన్నకి అన్న వరసయ్యే ఒకాయన కోర్టు పని మీద మా ఇంటికొచ్చాడు. పని అయిపోయింది గానీ, మా గేదె పెరుగు మీద మనసుపడి ఉండిపోయాడు. పొమ్మనలేక నాన్న రోజూ రాత్రి రైళ్ళ టైమ్‌టేబుల్ తిరగేసేవాడు. ఓ రోజు పంక్తిలో కూర్చుని నేను, ఆయనకేదో శుభవార్త చెబుతున్నట్టు, “పెదనాన్నా! మీ ఊరికి రోజుకి నాలుగు రైళ్ళున్నాయంట. నాన్న అమ్మకి చెబుతున్నాడు” అన్నాను.

అమ్మ చేతిలో నేతిగిన్నె ఆగిపోయింది. నాన్న నోట్లో ముద్ద లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. ముందు నవ్వింది పెదనాన్నే. పొలమారేదాకా నవ్వాడు. తర్వాత వసారాలోంచి తాతయ్య, వంటింట్లోంచి నాన్నమ్మ. ఎందుకు నవ్వుతున్నారో నాకు తెలీదు. నావల్లేనని మాత్రం తెలిసింది. అది చాలదూ! మర్నాడు ఆ నాలుగింట్లో మొదటిదెక్కి ఆయన వెళ్ళిపోయాడు.

అక్కణ్ణుంచి చుట్టుపక్కలవాళ్ళకి తిప్పలు మొదలు. ఎవరొచ్చినా అమ్మ “ఆ రైళ్ళ సంగతి చెప్పరా నాన్నా” అనేది. నేను ముందే ఇకిలించి, నాలుగు రైళ్ళని ఏడు చేసి, ఓ గూడ్సు కూడా తగిలించేవాణ్ణి. వాళ్ళు “బాగుంది బాబూ, ఏ క్లాసు?” అనేవారు. హాస్యగాడికి ఇంతకన్నా ఘోరమైన ప్రశ్న లేదు.

ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగుకి ఈ బాధ లేదు. 1956 నుంచీ నవ్విస్తూనే ఉన్నాడు గానీ, ఆ సంగతి వాడికి ఇప్పటికీ తెలీదు. పెద్దవాళ్ళకి ఏమీ తెలీదన్నది వాడికి నిజంగానే దిగులు. నాకేమో తెలిసిపోయింది. అదీ జబ్బు.

మందు మా ఊరి తీర్థంలో దొరికింది. బుర్రకథలో తంబురా పట్టిన కథకుడు పల్నాటి వీరుల్ని రోషంగా యుద్ధానికి పంపుతుంటే, పక్కన గుమ్మెట వాయించే హాస్యగాడు “యుద్ధం సరే, అన్నాలు తినెళ్తారా, వచ్చి తింటారా?” అన్నాడు. జనం విరగబడ్డారు. అతను మాత్రం జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు మొహం పెట్టాడు. తర్వాత 1987లో ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు గారు వేలాడే కోడిని చూస్తూ ఉత్తన్నం తిన్నప్పుడూ అదే మొహం. ఆకలి తప్ప వేళాకోళం మచ్చుకైనా లేదు.

మా తెలుగు మాస్టారు మధ్యాహ్నం బల్ల మీద తలవాల్చి ఓ కునుకు తీసేవారు. ఓ రోజు లేస్తూనే, “ఏరా, సవర్ణదీర్ఘానికో ఉదాహరణ చెప్పు” అన్నారు.

నేను చేతులు కట్టుకుని, కాస్త ఆగి, “మీ నిద్రండీ. సవర్ణమో కాదో తెలీదు గానీ... దీర్ఘమండీ” అన్నాను.

క్లాసు గొల్లుమంది. నేను నవ్వలేదు. మాస్టారూ నవ్వలేదు. చెవి మెలేసి, వరండాలో గుంజీళ్ళు తియ్యమన్నారు.

తీస్తూ ఉండగానే ఇంటర్వెల్ బెల్లు కొట్టారు. మాస్టార్ల గదిలోంచి ఆయన గొంతు వినిపించింది, వెనకే లెక్కల మాస్టారి నవ్వు. “దీర్ఘమండీ”కి ముందు ఆయన నాకన్నా ఎక్కువసేపే ఆగారు.