మజిలీ లెక్క

నేను క్యారవాన్‌ని. హైదరాబాద్‌కు తూర్పున, ఉప్పల్ నాచారం వైపున్న జవహర్‌నగర్‌లో ఒక ఇంటి ప్రహరీని ఆనుకుని ఉంటాను. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను చూడగానే "ఏమన్నా, ఇది ఏ హీరోది?" అని అడుగుతారు. తెలుగునాట క్యారవాన్ అంటే షూటింగుల దగ్గర నిలబడే బండి అనే అందరికీ ఎరుక. ఆ బండికి పక్కన జనరేటరు ఉంటుంది, నీళ్లు తెచ్చిపోసే మనుషులుంటారు. నాకు ఎవరూ ఉండరు. నలుగురు మనుషులకు కావలసిన నీళ్లు, కరెంటు, పొయ్యి, పడక అన్నీ నేనే మోసుకుని ఊళ్లు తిరగాలి. మా ఇంటివాళ్లు ఇప్పుడు కాకినాడ పక్కనున్న కోరంగి మడ అడవికి వెళ్దామని కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారు. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు, టోల్ ఎంత అని అందరూ వేసే లెక్కలే మొదట వేశారు. అవన్నీ ఫోను చెబుతుంది. నాలాంటి బండితో వెళ్లేవాళ్లు మొదట తేల్చుకోవాల్సింది రాత్రి ఎక్కడ ఆగుతాం, అక్కడ నీళ్లు ఎలా పట్టుకుంటాం, మురుగు ఎక్కడ పారబోస్తాం అన్నది. మజిలీలు కుదిరితే దారి దానంతటదే కుదురుతుంది. దారి ముందు గీసుకుని, మజిలీ దొరక్కపోతుందా అనుకుంటే ప్రయాణమంతా అవస్థే. ఇందుకు నా ఒంటి నిర్మాణమే సాక్ష్యం.

పుట్టుకకు నేను టెంపో ట్రావెలర్‌ని. సీట్లు రావాల్సిన చోట నాకు నాలుగు పడకలు, ఒక వంటగట్టు, సింకు, మరుగుదొడ్డి అమరాయి. ఇలాంటి మార్పు ఎవరికి తోచినట్టు వాళ్లు చేయడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అందుకు అడ్డం ఉంది. తయారీదారు ఇచ్చిన నిర్మాణానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. క్యారవాన్లకు విడిగా ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. ఇక నా కడుపులో ఉన్నవాటి సంగతి. నేల కింద వంద లీటర్ల మంచినీళ్ల టాంకు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి అది నిండిందంటే ఒక పెద్దమనిషీ, ఒక పదేళ్ల పిల్లా అదనంగా ఎక్కి కూర్చున్నట్టు. మనిషికి ఒక బకెట్ స్నానం, చేతులు, గిన్నెలు కలిపి పాతిక లీటర్లు అనుకుంటే నలుగురికి ఆ టాంకు ఒక్కరోజు. తాగినవీ వంటకు పోసినవీ పోను మిగతా నీళ్లన్నీ మురుగు టాంకులోకి దిగుతాయి, అంటే బరువు తగ్గదు, చోటు మారుతుంది. మరుగుదొడ్డి కింద ఇరవై లీటర్ల పెట్టె. నలుగురు వాడితే రెండో రోజుకి నిండుతుంది. బ్యాటరీలో పట్టేది రెండున్నర యూనిట్ల కరెంటు. కిలోవాటు లాగే ఏసీ వేస్తే రెండున్నర గంటల్లో ఖాళీ. పాతిక వాట్ల ఫ్యానైతే పది గంటలు తిరిగినా పావు యూనిట్ దాటదు. మొత్తం కూడితే నా స్వతంత్రం ఒక రోజు, మహా అయితే రెండు రోజులు. "ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు" అని నాలాంటి బండ్ల గురించి చెప్పే మాట ఆ గడువు లోపలే నిజం.

ఈ లెక్క కొత్తదేం కాదు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్య రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. హైదరాబాదు మీదుగా వెళ్లి, తిరుగు ప్రయాణం తూర్పు తీరం వెంట చేశాడాయన. పల్లకీ, డేరాలు, వెంట పెద్ద పరివారం. ఒకరకంగా ఇల్లంతా కదిలివెళ్లినట్టే. ఆయన మజిలీ మజిలీకీ రాసుకున్నదేమిటో చూడండి: నీళ్లు ఎలాంటివి, అంగళ్లు ఉన్నాయా లేదా, దిగడానికి చోటుందా, ముందున్న దారి రాతినేలా రేగడా. అంత పరివారాన్ని నడిపించినవాడికి దూరం కంటే మజిలీయే ముఖ్యమని తెలుసు. ఇంజనూ, బ్యాటరీ వచ్చినా ఇంటిని వెంటబెట్టుకుని తిరిగేవాడి అవసరాలు రవ్వంత కూడా మారలేదు.

ఇప్పుడు కోరంగి. గోదావరి ఉప్పునీళ్లలో కలిసే చోట, కాకినాడ నుంచి యానాం వెళ్లే 216వ జాతీయ రహదారి పక్కన ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఉన్న చోటు గనుక అనుమతి లేని ప్రవేశం లేదు, సందర్శకులకు పగలే. కాబట్టి అడవిలో నాకు రాత్రి లేదు, అది మొదటే రాసుకోవాలి. చెక్కబాట మీద నడవడం, పడవలో వాగుల్లోకి వెళ్లడం, రెండూ నన్ను రోడ్డు పక్కన గట్టినేల మీద వదిలేసి చేసే పనులు. పైగా ఈ అడవికి గడియారం సముద్రం. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. సమయం రోజుకు సుమారు యాభై నిమిషాలు జరుగుతుంది. పాటు తీసినప్పుడు బురదలోంచి వేలల్లో నిలువుగా లేచిన మడ ఊపిరి వేర్లు కనపడతాయి, వాటి మధ్య బురద చేపలు రెక్కల మీద గెంతుతుంటాయి, చిన్న పీతలు బొరియల్లోకి జారుకుంటాయి. పోటెక్కితే అవన్నీ మునిగిపోతాయి, పడవకు దారి దొరుకుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు తేడా ఎక్కువ, అష్టమికి తక్కువ. వేర్లు చూడాలనుకునేవాళ్లు ఒక తిథి, పడవలో చాలాసేపు తిరగాలనుకునేవాళ్లు ఇంకో తిథి ఎంచుకోవాలి. ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు ఇక్కడ దారిపటం కంటే ఎక్కువ పనికొస్తుంది. అదే క్యాలెండరులో ఇంకో సంగతి కూడా ఉంటుంది: పుష్య బహుళ అమావాస్య, చొల్లంగి అమావాస్య. చొల్లంగి దగ్గర తుల్యభాగ సంగమంలో స్నానానికి ఆరోజు వేలమంది వస్తారు, అక్కడ మొదలయ్యే సప్తసాగర యాత్ర అంతర్వేది దాకా సాగుతుంది. ఆ స్నానానికే వెళ్తే మంచిదే. అడవి చూడాలంటే మాత్రం అది తప్పించుకోవాల్సిన రోజు.

కాలం కూడా మజిలీ లెక్కలోంచే వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుపాన్ల భయం. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6న వచ్చినది తూర్పు గోదావరిలో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది. మే నెలలో ఏసీ లేకుండా నా లోపల పడుకోలేరు, ఏసీకి నా బ్యాటరీ చాలదు. సంక్రాంతి ముందు రోజుల్లో 65వ జాతీయ రహదారి మీద పంతంగి టోల్‌గేటు దగ్గర బార్లు తీరే కార్ల సంగతి ఉప్పల్ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అన్నీ చూసుకుంటే జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అప్పుడు కాకినాడ రాత్రులు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి, ఫ్యాను చాలు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. అడవి అంచునో, ఇసుక మీదో, అలల పక్కన రాత్రి గడపకపోతే క్యారవాన్ ఎందుకు? కోరిక న్యాయమైనదే. అయితే నిండుగా ఎక్కిస్తే నా బరువు నాలుగు టన్నుల పైచిలుకు. డెల్టా మట్టి పైకి ఎండినట్టు కనిపించి కింద మెత్తగా ఉంటుంది. కాలవ గట్టు అంచున ఒక చక్రం దిగితే ట్రాక్టరు వచ్చేదాకా కదలలేను. ఇసుక సంగతి అంతకంటే కష్టం. నా ఇబ్బంది అలా ఉంచినా, అక్కడ ఉండేవాటి మాటేమిటి? బావురు పిల్లి వేటకు బయల్దేరేది చీకట్లో. జనవరి నుంచి మార్చి దాకా హోప్ ఐలాండ్ వైపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. గుడ్లు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుగును బట్టి సముద్రం వైపు పాకుతాయి, తీరాన లైట్లుంటే దారి తప్పుతాయి. చలిమంటకు నాలుగు పుల్లలు విరుచుకోవడం కూడా అక్కడ తగదు. మడల మధ్య తిల్ల చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మురుగు కొంచెమే కదా అని వాగులోకి వదిలేవాళ్లూ ఉంటారు. ఆ వాగుల్లోనే రొయ్య పిల్లా, చేప పిల్లా పెరుగుతాయి, వాటి మీదే బతికే ఊళ్లున్నాయి. నా టాంకులో ఒక్క చుక్క కూడా అక్కడ పడకూడదని నేను మనసారా కోరుకుంటాను.

రెండో మాట అమెరికాలో ఉన్న బంధువుల నుంచి వస్తుంది. అక్కడ ఆర్‌వీ పార్కుల్లో చాలాచోట్ల బండి నిలిపే చోటే కరెంటు ప్లగ్గు, నీళ్ల పైపు ఉంటాయి, మురుగు దించే తొట్టి ఉంటుంది. అవి లేకుండా ఇక్కడ ఇదంతా సాధ్యమా అని. కేరళ 2021లోనే క్యారవాన్ పర్యాటక విధానం తెచ్చింది, వాగమన్‌లో పార్కు వచ్చింది. మన దారిలో అలాంటివి ఉంటాయని నమ్ముకుని బయల్దేరకూడదన్నది నిజమే. అయితే మనకు ఇంకో ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. లక్షలమంది వచ్చిపోయే పుణ్యక్షేత్రాల దగ్గర గట్టినేల పార్కింగు, నీళ్ల కుళాయి, మరుగుదొడ్లు, రాత్రంతా మనుషుల అలికిడి ఉంటాయి. అన్నవరం, ద్రాక్షారామం రెండూ కాకినాడకు దగ్గరే. సత్రం వాళ్లనో పార్కింగు వాళ్లనో అడిగి, ఇవ్వాల్సింది ఇచ్చి ఉండటంలో చిన్నతనం లేదు. అడగకుండా ఆగడమే తప్పు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బలమైనది. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ, అక్కడ లాడ్జీ, అక్కణ్నుంచి ఆటో. ఇంత డీజిలు ఎందుకు? రానుపోను దాదాపు వెయ్యి కిలోమీటర్లు, లీటరుకు పది వస్తుందనుకున్నా వంద లీటర్లు. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు ఒక్కరోజు మడ అడవి చూసి రావాలనుకుంటే గౌతమే సరైనది, నేను వద్దు. కానీ షుగరు ఉన్న పెద్దావిడ హైవే మీద గంటకోసారి శుభ్రమైన మరుగుదొడ్డి కోసం వెతుక్కోవాల్సి వచ్చి, ఆ భయంతో నీళ్లు తాగడమే మానేసే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పథ్యం తినేవాళ్లు, మధ్యాహ్నం నడుం వాల్చకపోతే నిలబడలేనివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఇల్లు కదలడానికే వెనకాడతారు. చొల్లంగి నుంచి అంతర్వేది దాకా రేవు రేవుకూ ఆగుతూ పోవాలనుకునే ముసలివాళ్లున్నారు. నేను వీళ్ల కోసం. అడవి పక్కన పడక వేయడం కంటే, అడవి దాకా రాలేనివాళ్లను తీసుకురావడమే నా అసలు ఉపయోగమని నా నమ్మకం.

అందుకే మావాళ్ల కాగితం మీద ఉండాల్సింది ఇలా అంటాను. బయల్దేరేటప్పుడు టాంకు సగమే నింపాలి, నిండు బరువును మొదటి మజిలీ దాకా మోయించడం దండగ. ఐదు కిలోల చిన్న సిలిండరు చాలు, బండి కదులుతున్నంతసేపూ దాని వాల్వు మూసే ఉండాలి. నాగోలు, ఎల్బీనగర్ మీదుగా తెల్లవారుజామునే ఊరు దాటి, మొదటి రాత్రి విజయవాడ దాటాక ఏలూరు లోపల. రెండో రోజు రాజమహేంద్రవరం మీదుగా మధ్యాహ్నానికి కాకినాడ. అక్కడ ఆవరణ ఉన్న లాడ్జీలో ఒక గది తీసుకుంటే నలుగురి స్నానాలూ అయిపోతాయి, నా టాంకు నిండుతుంది, పెట్టె వాళ్ల మరుగుదొడ్డిలో ఖాళీ అవుతుంది. మూడో రోజు పోటు వేళ పడవవాళ్లను అడిగి కోరంగికి. పెట్టె ఖాళీ చేసుకోనిస్తారా అన్న మాట లాడ్జీ వాళ్లతో ఫోన్లో ముందే తేల్చుకున్నాకే తేదీ ఖాయం చేయాలి.