దిగినచోట నిలబడ్డవాణ్ణి

చాలా ఏళ్లు నేను ఎస్కలేటర్ పక్కనుండే బ్రష్షుకు బూట్లు తుడుచుకున్నాను. కస్టమర్ల మీద ప్రేమకొద్దీ పెట్టిన ఏర్పాటని నా నమ్మకం. ఎక్కగానే ఒక పక్కకు జరిగి, కుడి బూటు కొంతసేపు, ఎడమ బూటు కొంతసేపు ఆ కుచ్చుకు ఆనించి, పైకి చేరేసరికి రెండూ తళతళలాడేలా చేసుకునేవాణ్ణి. ఈ విద్య నాతోనే ఆగిపోతే బాగుండేది. మా బామ్మర్ది పిల్లలకు కూడా నేర్పాను. వాళ్లు రబ్బరు చెప్పులతో అదే పని చేస్తుంటే పక్కన నిలబడి మెచ్చుకున్నాను కూడా.

ఆ బ్రష్షు కాలు ఆనించడానికి కాదు, ఆనించకుండా ఉంచడానికి. కదిలే మెట్టుకూ, కదలని పక్క రేకుకూ నడుమ సన్నటి సందు ఉంటుంది. మెత్తటి రబ్బరు చెప్పు ఆ రేకుకు రాసుకుంటే అంటుకుపోయి ఆ సందులోకి పోతుంది, చెప్పుతో పాటు వేళ్లు కూడా. పిల్లల మెత్తటి రబ్బరు చెప్పులు ఇలాగే ఇరుక్కుంటున్నాయని 2008లో జపాన్ ప్రభుత్వం వాటిని తయారుచేసే కంపెనీని డిజైన్ మార్చమని అడగాల్సి వచ్చింది. కుచ్చు తగలగానే మనిషి కాలు వెనక్కి లాక్కుని మెట్టు మధ్యకు జరుగుతాడని దాన్ని కనిపెట్టినవాళ్ల లెక్క. తగిలేదాకా వెతుక్కుంటూ వెళ్లేవాడు ఒకడుంటాడని వాళ్లకు తోచినట్టు లేదు.

ఇన్ని తెలియకపోయినా నాకు ఎస్కలేటర్ విషయంలో గురుపీఠం ఒకటి ఉండేది. దాని ముందు నిలబడి కాలు వెయ్యాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. తిరుపతిలో ఆ దృశ్యానికి కొదవ లేదు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు, అందులో మోకాళ్ల పర్వతం దగ్గర మోకాళ్ల మీదే ఎక్కి, గోవిందా గోవిందా అంటూ కొండ మీదికి పోయి వచ్చిన మనిషి, దిగొచ్చాక ఊళ్లో కదిలే మెట్టు ఒక్కటి ఎక్కలేక చెమటలు పట్టించుకుంటాడు. రాయి మెట్టు మనకోసం ఆగుతుంది, ఇది ఆగదు అన్న చిన్న విషయం నాకప్పుడు తట్టలేదు. భయపడటం వాళ్ల తెలివి అని అసలే తట్టలేదు.

మా పెద్దమ్మది పలమనేరు. ఆమె మనవరాలి పెళ్లికి పట్టుచీరలు తీయడానికి తిరుపతి వచ్చింది. నేను తోడు. దుకాణం పేరు వద్దు, ఆ దుకాణం తప్పేమీ లేదు. చీరలు రెండో అంతస్తులో. లిఫ్ట్ ఉంది, మెట్లూ ఉన్నాయి.

"నేను ఈ కరెంటు మెట్లు ఎక్కలేను నాయినా, మామూలు మెట్లు యాడుండాయో చూడు" అంది పెద్దమ్మ.

"నేనుండగా నీకేంది పెద్దమ్మా, నా చెయ్యి పట్టుకో" అన్నాను.

ఇక్కడే ఒక తప్పు. పట్టుకోవాల్సింది నా చెయ్యి కాదు, పక్కన మెట్లతో పాటే కదిలే నల్లటి రబ్బరు పట్టీని. తూలితే అది నిలబెడుతుంది, నేనైతే ఆమెతో పాటు పడతాను. అయినా కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకోమన్నాను, పసుపుపచ్చ గీత మీద కాకుండా మెట్టు మధ్యలో అడుగు వెయ్యమన్నాను. నాకున్న జ్ఞానమంతా పళ్ల గురించే. పైన మెట్లు చదునైపోయి నేల కిందికి దూరేచోట దువ్వెన పళ్లలాంటి రేకు ఉంటుంది. చీర అంచు, పంచె కొస, విప్పిన బూటు తాడు అందులోనే పడతాయి. అందుకని దారి పొడుగునా నా కళ్లు పెద్దమ్మ చీర అంచు మీదే. "పళ్లొస్తాయి, పళ్లొస్తాయి, ఇప్పుడు కాలెత్తు" అని అరిచాను. ఎత్తింది. దిగింది. చీరకు ఏమీ కాలేదు.

దిగినచోటే నిలబెట్టాను ఆమెను. ముందు రోజు కొన్న సామాన్ల సంచులు రెండూ కింద పెట్టాను, ఒకటి అటు, ఒకటి ఇటు. జేబులోంచి ఫోన్ తీశాను. అరవై దాటిన వయసులో పెద్దమ్మ మొదటిసారి ఎస్కలేటర్ ఎక్కిందాయె, ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టకపోతే ఎట్లా? "ఇట్లా తిరుగు పెద్దమ్మా, కొంచెం నవ్వు" అంటున్నాను.

మా వెనక కొండ దిగి వచ్చిన కుటుంబం ఉంది. గుండ్ల మీద గంధం ఇంకా ఆరలేదు. ముందు ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనక లడ్డూల కవరుతో తల్లి, ఆమె వెనక చక్రాల సూట్‌కేసు మెట్టు మీద నిలబెట్టి పట్టుకున్న తండ్రి, ఇంకా వెనక ఎవరెవరో. మొదటి పిల్లవాడు నా నడుముకు తగిలి ఆగాడు. రెండోది వాడికి తగిలింది. తల్లి పిల్లల మీద పడకుండా ఉండాలని ఒక అడుగు వెనక్కి వేసింది, ఆ వెనక మెట్టేమో పైకి వస్తోంది. ఆమె కూర్చున్నంత పని అయింది. సూట్‌కేసు అడ్డంగా పడింది. దాని వెనక కేకలు. నేను వెనక్కి తిరిగి రెండు చేతులూ ఎత్తి, "ఆపండి, ఎవరన్నా ఆపండి" అని అరుస్తున్నాను.

ఆపే ఎర్ర బటన్ నా తొడ పక్కనే ఉంది. రబ్బరు పట్టీ లోపలికి దూరేచోట, అర చెయ్యి దూరంలో. పైనా కిందా రెండు చివర్లా సాధారణంగా అది ఉంటుంది. అన్నిసార్లు అదే పక్కన నిలబడి బూటు తుడుచుకున్నవాణ్ణి, కుచ్చు కనపడింది కానీ బటన్ కనపడలేదు. చీరల సెక్షన్‌లో పనిచేసే అమ్మాయి ఒకతె పరిగెత్తుకొచ్చి నన్ను భుజంతో పక్కకు నెట్టి దాన్ని నొక్కింది. మెట్లు ఉన్నపళాన కాకుండా కొంచెం జారి ఆగాయి. ఉన్నపళాన ఆగితే అందరూ ముందుకు బోర్లా పడతారట, అందుకే బ్రేకు మెల్లగా పట్టేట్టు చేస్తారు. ఆ తల్లికి మోకాలు గీరుకుపోయింది. చిన్నదానికి బొటనవేలు నలిగింది. లడ్డూలు మెట్ల మీద పొడిపొడి. అంతకు మించి ఏమీ కాలేదు. ఆ వేంకటేశ్వరుడి దయ అని పెద్దమ్మ అంది, కానీ ఆ చీరల అమ్మాయి దయ కూడా కొంత ఉంది.

అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా. దుకాణం మేనేజర్ని పిలిపించాను. మెయింటెనెన్స్ సరిగా లేదని కంప్లైంట్ పుస్తకం తెమ్మన్నాను. "ప్రజల ప్రాణాలతో చెలగాటం" అనే మాటతో మొదలుపెట్టి అర పేజీ రాశాను. పక్కన నిలబడి చూస్తున్న వాచ్‌మన్ మర్యాదగానే అన్నాడు: "మీరు అడ్డంగా నిలబడుకోనుంటే అదేం జేస్తాది సార్?"

పెద్దమ్మ నన్ను చూడకుండా సంచులు తీసుకుని గోడ పక్కకు నడిచింది. కిందికి దిగేటప్పుడు మెట్లు ఎక్కడున్నాయో ఆమే కనుక్కుంది.

తర్వాత చదువుకుంటే వాచ్‌మన్ మాటలోని లెక్క అర్థమైంది. మామూలు ఎస్కలేటర్ సెకనుకు అర మీటరు నడుస్తుంది. మెట్టు లోతు సుమారు 40 సెంటీమీటర్లు. అంటే పది సెకన్లలో పన్నెండు మెట్ల మీదున్న మనుషులు పైన దిగాల్సిందే, అక్కడ చోటున్నా లేకపోయినా. కట్టకుండా వదిలేసిన కుళాయి లాంటిది, బిందె నిండిందని దానికి తెలియదు. పైన ఆగినవాడికి వెనక ఎంతమంది ఉన్నారో తెలియదు. వెనకున్నవాళ్లకు ముందు ఎందుకు ఆగారో తెలియదు. వాళ్లకు ఆగే వీలు కూడా లేదు.

యంత్రాలన్నీ అమాయకులనీ, మనుషులే దోషులనీ ఇప్పుడు తిప్పి చెప్తే అది ఇంకో మూర్ఖత్వం. 1987 నవంబరు 18న లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్లో 31 మంది చనిపోయారు. చెక్క ఎస్కలేటర్ సందులోంచి జారిన అగ్గిపుల్ల, కింద ఏళ్ల తరబడి పేరుకున్న గ్రీజూ చెత్తా. అక్కడ చిన్నచిన్న మంటలు అంతకు ముందు కూడా వచ్చేవి, సిబ్బందికి అలవాటైపోయింది. 2015 జూలైలో చైనాలోని జింగ్‌జౌలో ఒక షాపింగ్ మాల్‌లో ఎస్కలేటర్ పైచివర నేల రేకు ఊడి, ఒక తల్లి కొడుకును ముందుకు నెట్టి తాను లోపలికి పోయింది. ఆ రేకు వదులైందని అక్కడి ఉద్యోగులకు ముందే తెలుసు. 2018 అక్టోబరులో రోమ్ రిపబ్లికా మెట్రో స్టేషన్లో ఫుట్‌బాల్ అభిమానులతో నిండిన ఎస్కలేటర్ ఒక్కసారిగా వేగంగా కిందికి జారి ఇరవై మందికి పైగా గాయపడ్డారు. వాళ్లు గంతులేసినందుకే అన్నారు మొదట. తర్వాత దర్యాప్తు మెయింటెనెన్స్ వైపు తిరిగింది. ఇలాంటివి చదువుతుంటే నా అర పేజీ కంప్లైంట్ మళ్లీ నిలబెట్టుకోవాలనిపించేది. కానీ ఆ రోజు తిరుపతిలో ఏ రేకూ ఊడలేదు. నేను నిలబడ్డాను, అంతే.

ఇంకో సంగతి కూడా చదివాను. 1898లో లండన్ హారోడ్స్ దుకాణంలో కదిలే మెట్లు మొదటిసారి పెట్టినప్పుడు, పైకి చేరి బెదిరినవాళ్లకు బ్రాందీ ఇచ్చేవాళ్లట. నేను మా పెద్దమ్మకు సోడా కూడా ఇప్పించలేదు.

ఈ చదువంతా అయ్యాక మెట్ల దగ్గర బాగానే మారాను. దిగగానే నాలుగడుగులు ముందుకు పోతాను. ముసలివాళ్లను లిఫ్ట్ దగ్గరకు తీసుకుపోతాను. ఎర్ర బటన్ ఎక్కడుందో చూసుకుని ఎక్కుతాను. రైల్వే స్టేషన్లో తెలియనివాళ్లకు కూడా చెప్తాను, నువ్వేమన్నా ఇన్‌స్పెక్టరా అని ఒకాయన అడిగాడు. మెట్ల దగ్గరే మారానని తర్వాత తెలిసింది.

2025 జనవరి 8 రాత్రి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్లు మర్నాడు తెల్లవారుజామున 5 గంటల నుంచి ఇస్తామన్నారు. జనం ముందు రోజే వచ్చేశారు. తిరుపతి బైరాగిపట్టెడలో టోకెన్లిచ్చే స్కూలు దగ్గర పద్మావతి పార్కులో వాళ్లను ఉంచారు. లోపల ఎవరికో ఒంట్లో బాగోలేకపోతే బయటికి తేవడానికి గేటు తెరిచారనీ, క్యూలోకి వదులుతున్నారనుకుని జనం ఒక్కసారిగా కదిలారనీ అధికారులు చెప్పారు. ఆరుగురు చనిపోయారు. వాళ్లలో కొందరు విశాఖ వైపు నుంచి వచ్చినవాళ్లు, ఒకామె తమిళనాడు సేలం నుంచి. ప్రభుత్వం న్యాయ విచారణకు ఆదేశించింది.

ఆ రాత్రి మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని నేనన్న మాట ఇది: "ఈ జనానికి బుద్ధి లేదు." మా ఆవిడ ఏమీ అనలేదు. నేనే ఇంకా సాగదీశాను. 2017 సెప్టెంబరులో ముంబయి ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషన్ సంగతి తెచ్చాను. వానకు మెట్ల మీద ఆగిపోయినవాళ్లు కొందరు, రైలు దిగి వస్తూనే ఉన్నవాళ్లు కొందరు, 23 మంది పోయారు. రాజమండ్రి పుష్కర ఘాట్ తొక్కిసలాట తెచ్చాను. ముందువాళ్లు ఆగితే వెనకవాళ్లకు తెలియదు, అక్కడ ఎర్ర బటన్ ఉండదు, గేటు తెరిచేవాడే బటన్, కాబట్టి వాడికి లోపల ఎంతమంది ఉన్నారో మైకులో తెలియాలి, బారికేడ్లు మలుపులు మలుపులుగా ఉండాలి అని ఏకరువు పెట్టాను. మాటలన్నీ సరైనవే. ఇప్పటికీ వాటిలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. గేటు ఎలా తెరవాలో తెలుసుకోవాల్సింది క్యూలో నిలబడ్డవాళ్లు కాదు, తెరిచేవాళ్లు.

బుద్ధి లేదన్న మాట ఒక్కటే వెనక్కి తీసుకోవాలి. మా ఆవిడ టీవీ కట్టేస్తూ, "మీరు ఆ ఏడు టోకెన్ తెచ్చినప్పుడు ఎట్లా తెచ్చినారు?" అని అడిగింది.

మర్చిపోయాననుకున్నాను. ఆ ఏడు కూడా ఇలాగే రాత్రంతా కాచుకున్న క్యూ. తెల్లవారకముందే ఎవరో తాడు ఎత్తారు. ఎందుకు ఎత్తారో నాకు తెలియదు, అడగలేదు కూడా. తాడు ఎత్తడం కనపడింది, కాళ్లు కదిలాయి. మోచేత్తో ఇద్దరు ముగ్గురిని జరిపాను. నా ముందున్న ఒక పెద్దాయన భుజం మీంచి గుడ్డసంచి జారి కింద పడింది. దాన్ని తొక్కుకుంటూ పోయాను, మెత్తగా తగిలింది, లోపల బట్టలో ఏమో. సంచి కోసం ఆయన వంగాడా, వంగినప్పుడు ఆయన వెనకున్నవాళ్లు ఆగగలిగారా అన్నది నేను చూళ్లేదు. కౌంటర్ దగ్గర మొదటి వరసలో నిలబడి, మనకు టోకెన్ దొరికినట్టే అని ఇంటికి ఫోన్ చేస్తున్నాను.