చంక సాక్షిగా ఒక విన్నపం: ఫుట్‌బాల్ నియమాల బోర్డుకు బహిరంగ లేఖ

జ్యూరిక్ నగరంలో కొలువైన మహారాజశ్రీ ఇంటర్నేషనల్ ఫుట్‌బాల్ అసోసియేషన్ బోర్డువారి సముఖానికి,

విషయం: ఆటగాళ్ల చంకలు, కాలి బొటనవేళ్లు, మోకాలి చిప్పలు గీత దాటాయన్న కారణంతో గోల్స్ రద్దు కావడం గురించి.

1886లో ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ సంఘాల ప్రతినిధులు లండన్‌లో సమావేశమై నెలకొల్పిన బోర్డువారు, తమకంటే 18 ఏళ్లు చిన్నదైన ఫిఫాను 1913లో తమ సరసన కూర్చోబెట్టుకుని, భూగోళం మీద ఎక్కడ ఎవరు బంతి తన్నినా దానిని ఏ పద్ధతిలో తన్నాలో నేటికీ నిర్ణయిస్తున్నారన్న సంగతి లోకవిదితమే. బోర్డులో ఓట్లు 8. వాటిలో 4 ఫిఫావి, మిగిలిన 4 బ్రిటిష్ సంఘాలవి, ఏ నియమం మారాలన్నా 6 ఓట్లు పడాలి. ఈ ఏర్పాటు ప్రకారం వేల్స్‌కు నిండుగా ఒక ఓటు ఉండగా, బ్రెజిల్, అర్జెంటీనా, ఇటలీ, జర్మనీ మొదలైన దేశాలు ఫిఫా చేతిలోని నాలుగు ఓట్లలోనే తమ వాటా వెతుక్కోవలసి వస్తున్నప్పటికీ, ఆ లెక్కను తప్పుపట్టడం ఈ లేఖ ఉద్దేశం కాదు. అంతకంటే చాలా చిన్నదైన, సెంటీమీటర్లకు మించని మరో లెక్క ఐరోపా స్టేడియాలను వారంవారం అల్లకల్లోలం చేస్తున్నది. ఈ విన్నపం దాని గురించే.

మహాభారతానికి పర్వాలు 18 కాగా ఫుట్‌బాల్‌కు నియమాలు 17. పర్వాల్లో 11వది స్త్రీపర్వం, యుద్ధం ముగిశాక మిగిలినవారి విలాపమే దాని ఇతివృత్తం. నియమాల్లో 11వది ఆఫ్‌సైడ్, శని ఆదివారాల మ్యాచులు ముగిశాక లివర్‌పూల్ నుంచి మాడ్రిడ్ దాకా వినిపించే విలాపానికి మూలం అదే. నియమాలకు వరుస సంఖ్యలు వేసేటప్పుడు బోర్డువారు వ్యాసులవారిని సంప్రదించి ఉండరు గనుక దీనిని కాకతాళీయంగానే ఎంచవలసి ఉంటుంది.

ఆ నియమం సారాంశం ఇది. జట్టులో ఒకరు బంతిని అందించే క్షణాన, ప్రత్యర్థి అర్ధభాగంలో ఉన్న సహచరుడి తల, మొండెం, కాళ్లలో ఏ భాగమైనా బంతికంటేనూ, ప్రత్యర్థుల్లో చివరినుంచి రెండోవాడికంటేనూ గోల్‌గీతకు దగ్గరగా ఉంటే అతడు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్లు. చివరివాడు సాధారణంగా గోల్‌కీపరే కాబట్టి, ఆచరణలో గోల్‌కీపర్‌కు ముందున్న ఆఖరి డిఫెండరే సరిహద్దు రాయి. ఒళ్లు అలవకుండా గోల్ ముందే కాపు కాసి, దొరికిన బంతిని లోపలికి నెట్టేసే సోమరితనాన్ని అరికట్టడం దీని మూలోద్దేశం. అంటే ఇది పుట్టినప్పుడు నడవడికకు సంబంధించిన నియమమే తప్ప కొలతలకు సంబంధించినది కాదు.

నియమం మారిన ప్రతిసారీ బోర్డువారు ఆశించినది ఒకటి, మైదానంలో జరిగినది మరొకటి అని చరిత్ర చెబుతుంది. 1863 నాటి తొలి నియమాల్లో బంతికంటే ముందున్న ప్రతివాడూ ఆఫ్‌సైడే. 1866లో గోల్‌గీతకూ ఆటగాడికీ నడుమ ముగ్గురు ప్రత్యర్థులుంటే చాలునన్నారు. ఆ ముగ్గురి లెక్కను న్యూకాజిల్ డిఫెండర్ బిల్ మెక్రాకెన్ వంటివారు ఆయుధంగా మలచుకుని, బంతి కదిలే లోపల రెండడుగులు ముందుకు వేసి ఫార్వర్డులను వెనక వదిలేసే ఆఫ్‌సైడ్ ఉచ్చులో ఆరితేరడంతో, ఆటంతా మధ్యగీత చుట్టూ చిక్కుపడిపోయింది. 1925లో ముగ్గురిని ఇద్దరుగా తగ్గించగానే, అంతకుముందు సీజన్‌లో 1,192 గోల్స్ పడిన ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో 1,703 గోల్స్ పడ్డాయి. అయితే తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉండనే ఉంటాడు. ఆ ఏడాది అక్టోబరులో న్యూకాజిల్ చేతిలో 7–0తో చిత్తయిన ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్, తన ఆటగాడు చార్లీ బకన్ మాట విని, అప్పటిదాకా మైదానం నడుమ స్వేచ్ఛగా తిరిగే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు ఫుల్‌బ్యాకుల మధ్య కాపలా పెట్టాడు. పైనుంచి చూస్తే డబ్ల్యు, ఎమ్ అక్షరాలను ఒకదాని కింద ఒకటి పేర్చినట్లు కనిపించే ఆ అమరికతో ఆర్సెనల్ 1930–31లో తొలిసారి లీగ్ గెలవగా, దశాబ్దాల పాటు ఐరోపాలో సగం జట్లు దానినే అనుసరించాయి. కొత్త నియమం ఫార్వర్డులకు ఇచ్చిన ఖాళీని ఆ విధంగా ఒక డిఫెండర్ వచ్చి నింపేశాడు.

ఆఫ్‌సైడ్ గీత గోల్‌గీతలా సున్నంతో గీసినది కాదు, డిఫెండర్లు నడిస్తే నడిచే గీత అన్న సూక్ష్మాన్ని 1980ల చివర ఏసీ మిలాన్ కోచ్ అరిగో సాకి పూర్తిగా పిండుకున్నాడు. ఫ్రాంకో బరేసీ నాయకత్వంలోని డిఫెండర్ల వరుసకూ, ముందున్న ఫార్వర్డులకూ మధ్య దూరం 25 మీటర్లకు మించకూడదని పట్టుబట్టి, 105 మీటర్ల మైదానాన్ని ప్రత్యర్థికి ఇరుకు సందుగా మార్చి, 1989, 1990 సంవత్సరాల్లో వరుసగా యూరోపియన్ కప్పు గెలిపించాడు. ఈ పద్ధతినే హై లైన్ అంటారు. డిఫెండర్ల వరుసను గోల్ దగ్గర కాక మధ్యగీత సమీపాన నిలిపి, వెనకనున్న విశాలమైన ఖాళీ జాగాకు ఆఫ్‌సైడ్ నియమాన్నే కావలి ఉంచడమన్నమాట. అయితే ఆ రోజుల్లో దీనికొక సహజమైన పగ్గం ఉండేది: లైన్స్‌మన్ కన్ను. బంతి తన్నే చోటునూ, 40 మీటర్ల అవతల పరుగెత్తేవాడినీ ఒకే క్షణంలో చూడలేని ఆ కన్ను ఎప్పుడైనా పొరబడవచ్చు, పొరబడితే గోల్‌కీపర్ ఒంటరివాడవుతాడు. 1990లో బోర్డువారు డిఫెండర్‌తో సమానంగా నిలిచినవాడు ఆఫ్‌సైడ్ కాడని తేల్చడంతో సందేహలాభం ఫార్వర్డుదే అన్న సంప్రదాయమూ బలపడింది. హై లైన్ వేసినవారు దేవుడి మీద భారం వేసినట్లే ఉండేది.

ఆ తరువాత వార్ వచ్చింది. వార్ అంటే వీడియో అసిస్టెంట్ రిఫరీ, మైదానంలోని రిఫరీ తీర్పును తెరల ముందు కూర్చుని పునఃపరిశీలించే అధికారి. బోర్డువారు 2018లో దీనిని నియమావళిలో చేర్చగా, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ 2019–20లో అమలు చేసింది. 2019 నవంబరు 2న ఆస్టన్ విల్లా మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు రొబెర్తో ఫిర్మినో కొట్టిన గోల్ రద్దయింది. అతని చంక ఆఖరి డిఫెండర్‌కంటే రవ్వంత ముందుందని నిర్వాహకులే వివరణ ఇచ్చారు. చేతితో గోల్ చేయరాదు గనుక చేయి లెక్కలోకి రాదు, భుజంతో చేయవచ్చు గనుక భుజం వస్తుంది. మరి భుజం ఎక్కడ ముగిసి చేయి ఎక్కడ మొదలవుతుందన్న మీమాంస తలెత్తగా, చంక అడుగుభాగమే ఆ రెండింటికీ పొలిమేర అని 2020లో నియమావళి స్పష్టం చేసింది. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికిన ఇల్లాలి సామెత తెలుగువారికి తెలిసినదే. పిల్లను ఎత్తుకున్న చంకనే కొలుచుకుంటూ పిల్లను మరిచిన ఘనత మాత్రం బోర్డువారికే దక్కింది. ఇక్కడ పిల్ల అంటే నియమం వెనకనున్న ఉద్దేశం. గోల్ ముందు సోమరిగా కాపుకాసేవాడి కోసం వేసిన వలలో, శాయశక్తులా పరుగెత్తుతున్నవాడి చంక చిక్కుకున్నది.

ఆ కొలత అయినా నిక్కచ్చిదేనా అన్నది చూడవలసిన అంశం. టెలివిజన్ కెమెరా సెకనుకు 50 బొమ్మలు తీస్తుంది, అంటే బొమ్మకూ బొమ్మకూ నడుమ సెకనులో 50వ వంతు వ్యవధి ఉంటుంది. సెకనుకు 9 మీటర్ల వేగంతో పరుగెత్తే ఫార్వర్డు ఆ వ్యవధిలో 18 సెంటీమీటర్లు సాగిపోతాడు. అదే సమయంలో డిఫెండర్ సెకనుకు 3 మీటర్ల చొప్పున ఎదురు నడిస్తే ఇద్దరి మధ్య తేడా 24 సెంటీమీటర్లు మారుతుంది. పాదం బంతిని తాకే తొలి క్షణమే ప్రమాణమని బోర్డువారి ఆదేశం కాగా, ఆ క్షణం రెండు బొమ్మల నడుమ పడితే ఏ బొమ్మ ఎంచుకున్నారన్న దానిమీదే గోల్ బతుకు ఆధారపడుతుంది. పెళ్లి ముహూర్తానికి మన పంచాంగకర్తలు విఘడియ దాకా, అంటే 24 సెకన్ల దాకా, లెక్కగట్టి అక్కడితో చాలించుకుంటారు. బోర్డువారు ఆ విఘడియను 1,200 ముక్కలు చేసి, ఒక్క ముక్క తేడాతో తాళి కట్టనివ్వకుండా వరుణ్ణి పీటల మీదినుంచి లేపుతున్నారు. 2022 ఖతార్ ప్రపంచకప్పులో వాడిన సెమీ ఆటోమేటెడ్ పద్ధతి 12 కెమెరాలతో ప్రతి ఆటగాడి ఒంటిమీద 29 బిందువులను గమనిస్తూ, బంతిలోని సెన్సర్ ద్వారా సెకనుకు 500 సార్లు సమాచారం తీసుకున్నప్పటికీ, దేహ బిందువులను చూసేది సెకనుకు 50 సార్లే. పొరపాటు తగ్గిందన్నది నిజమే, పోయిందనడం నిజం కాదు.

ఈ సూక్ష్మదృష్టి వల్ల లాభపడినవారెవరన్న ప్రశ్నకు జవాబు 2024–25 నాటి బార్సిలోనా. లైన్స్‌మన్ కంటిని నమ్ముకున్నంతకాలం హై లైన్ జూదం, యంత్రం వచ్చాక అది పెట్టుబడి. ఆ మర్మం కనిపెట్టిన కోచ్ హన్సీ ఫ్లిక్, స్పానిష్ లీగ్‌లో సెమీ ఆటోమేటెడ్ పద్ధతి మొదలైన సీజన్‌లోనే తన డిఫెండర్లను మధ్యగీత అంచుకు తోలాడు. 2024 అక్టోబరు 26న రియల్ మాడ్రిడ్ సొంత గడ్డ మీద 12 సార్లు ఆఫ్‌సైడ్‌లో చిక్కగా, అందులో 8 సార్లు చిక్కినవాడు కిలియన్ ఎంబాపే; ఫలితం బార్సిలోనాకు 4–0. అయితే ఈ కోటకూ కన్నాలున్నాయి. 2025 చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో ఇంటర్ మిలాన్, ముందు నిలిచిన ఫార్వర్డులతో పాటు కుడి అంచున వెనకనుంచి దూసుకువచ్చే డెంజెల్ డంఫ్రీస్ వంటివారిని నమ్ముకుని, రెండు మ్యాచుల్లో కలిపి 7–6తో గట్టెక్కింది. వెనకనుంచి బయలుదేరినవాడు బంతి కదిలే క్షణానికి గీతకు ఇవతలే ఉంటాడు గనుక ఉచ్చు అతణ్ణి పట్టలేదు. రెండో కన్నం ఇంకా పెద్దది: సొంత అర్ధభాగంలో ఉన్నవాడు ఎన్నటికీ ఆఫ్‌సైడ్ కాడు. 2023 నవంబరు 6న ఇద్దరు బహిష్కృతులై తొమ్మిదిమందే మిగిలినా ఆంజ్ పోస్టెకోగ్లూ తన టాటెన్‌హామ్ డిఫెండర్లను మధ్యగీత దగ్గరే నిలబెట్టాడు. చెల్సీ 4–1తో గెలిచింది, నికొలాస్ జాక్సన్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. అయినా ఆ తెగువకు టాటెన్‌హామ్ ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు, ఎందుకంటే అది మనిషి చేసిన తప్పు, మనిషికి అర్థమయ్యే తప్పు.

యంత్రం సరిగ్గా చెప్పినా మనిషి వినిపించుకోని సందర్భమూ ఉంది. 2023 సెప్టెంబరు 30న టాటెన్‌హామ్‌పై లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ కొట్టిన గోల్ న్యాయమైనదేనని తెరలు చూపగా, మైదానంలో గోల్ ఇచ్చారనే భ్రమతో వార్ అధికారి తనిఖీ ముగిసిందని ప్రకటించాడు. ఇవ్వని గోల్ ఇవ్వనిదిగానే మిగిలిపోయింది. ప్రజాభిప్రాయం విషయానికొస్తే, వార్‌ను ఎత్తివేయాలని 2024లో వుల్వర్‌హాంప్టన్ పెట్టిన తీర్మానం ప్రీమియర్ లీగ్‌లో 19–1తో వీగిపోగా, స్వీడన్ ఆ పద్ధతిని గడపే తొక్కనివ్వలేదు. అదే ఏడాది జులైలో నార్వేలో రోసెన్‌బోర్గ్, లిల్లెస్ట్రోమ్ జట్ల మ్యాచ్‌లో ప్రేక్షకులు వార్ మీద కోపంతో మైదానంలోకి చేపముద్దలు విసిరి ఆటనే ఆపించారు. తినే వస్తువును నేలపాలు చేయడం సమర్థనీయం కాదు గాని, పక్కా వంటకంతో ఇచ్చిన అర్జీని బోర్డువారు చదవకపోవడమూ సమర్థనీయం కాదు.

ఆర్సెనల్ మాజీ మేనేజర్, ప్రస్తుతం ఫిఫా అధికారి అయిన ఆర్సెన్ వెంగర్ ఒక పరిష్కారం సూచించారు: ఫార్వర్డు ఒంటిలో ఏ కొంచెం భాగం డిఫెండర్‌తో సమానంగా ఉన్నా అతణ్ణి ఆఫ్‌సైడ్ అనకూడదని. సదుద్దేశమే అయినా, ఇది పొలం గట్టు తగాదాను గట్టు జరిపి తీర్చాలనుకోవడం వంటిది. గట్టు ఎక్కడికి జరిగితే సర్వేయరు గొలుసు అక్కడికే వస్తుంది. ఇప్పుడు ముందుకు చాచిన వేలిని కొలుస్తున్నవారు అప్పుడు వెనకనున్న మడమను కొలుస్తారు. పైగా, అడుగున్నర లాభం ఫార్వర్డుకు ముందే దఖలు పడితే ఏ మేనేజరూ హై లైన్ జోలికి పోడు; డిఫెండర్లందరూ గోల్ ముందుకు వెనుదిరిగి గోడ కడతారు, గోల్స్ పెంచడానికి తెచ్చిన నియమం గోల్స్‌ను మింగుతుంది. 1925 తరువాత చాప్‌మన్ నేర్పిన పాఠం అదే.

అందువల్ల బోర్డువారికి చేసుకునే ప్రార్థన చిన్నది. గీతను జరపవద్దు, కొలత ఎంతవరకు నమ్మదగినదో ముందుగా ప్రకటించి, ఆ హద్దుకు లోబడిన తేడా వచ్చినప్పుడు మైదానంలోని లైన్స్‌మన్ ఇచ్చిన తీర్పునే ఖాయం చేయవలసింది. ఇందుకు నమూనా క్రికెట్‌లో సిద్ధంగా ఉంది. ఎల్బీడబ్ల్యూ సమీక్షలో బంతి సగంకంటే తక్కువ భాగం వికెట్లను తాకుతుందని తేలితే అంపైర్ ముందు ఏమన్నాడో అదే చెల్లుతుంది, దానినే అంపైర్స్ కాల్ అంటారు. ఆ బంతి మార్గాన్ని లెక్కగట్టే హాక్-ఐ సంస్థే ఐరోపా ఫుట్‌బాల్‌కూ పరికరాలు సమకూరుస్తున్నది కాబట్టి బోర్డువారు దూరం వెళ్లి విచారించనవసరం లేదు. ఆ పద్ధతిని తిట్టుకోని ప్రేక్షకుడు ఉప్పల్‌లోనూ, విశాఖలోనూ దొరకడన్నది నిజమే; కానీ యంత్రానికి తెలియని చోట యంత్రం తెలియదని ఒప్పుకుంటున్నదని అక్కడ తిట్టేవాడికి కూడా తెలుసు. ప్రీమియర్ లీగ్ 2021–22లో గీతలను లావు చేసి, రెండు గీతలు కలిస్తే ఫార్వర్డుకే గోల్ ఇచ్చింది. కొలతలో సందేహం ఉందని చెప్పడానికి నోరు రాక పెన్సిలు మొద్దు చేసుకోవడమే అది. ఆ సందేహాన్ని నియమంలోనే రాసుకుంటే పెన్సిళ్ల ఖర్చు కూడా తగ్గుతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
గోల్ పడిందని లేచి నిలబడి, తనిఖీ జరుగుతున్నదని తెరమీద చూసి, ఎగిరి గంతేయాలో చతికిలబడాలో తేలక సగం లేచిన భంగిమలోనే ఉండిపోయిన ప్రేక్షక లోకం.