గార్డు అటక మీద, వేళ్ళు బల్ల మీద

మన వడ్రంగి షెడ్లలో బల్ల రంపానికి ఏ జబ్బు చేసినా వైద్యం ఒకటే: గార్డు పీకేయడం. చెక్క మాడుతోందా? పీకు. కోత వంకర పోతోందా? పీకు. మోటారు మూలుగుతోందా? గార్డు ముందే పీకేసి ఉంటే కరెంటోళ్ళను తిట్టు.

ఓనరు గారి రోగనిర్ధారణ అమోఘం. కోసిన అంచు నల్లబడితే చెక్కలో తేమ అంటారు. బ్లేడు విప్పి చూసిన పాపాన మాత్రం పోరు. పళ్ళ పక్కన చెక్క జిగురూ ప్లైవుడ్ గమ్మూ గడ్డకట్టి ఉంటాయి. సబ్బునీళ్ళలో నానబెట్టి బ్రష్షుతో రుద్దితే చాలావరకు పోతుంది. కానీ సబ్బుతో వదిలే జబ్బంటే పరువు తక్కువ కదా, అందుకని కొత్త మోటారు కొంటారు. నార వెంట చీల్చడానికి 24 పళ్ళది, ప్లైవుడ్‌కి 60 పళ్ళది అని బ్లేడ్లు వేరువేరుగా ఉంటాయంటే నవ్వుతారు. పెళ్ళికీ చావుకీ ఒకటే మేళం.

వోల్టేజీ లేదంటారు. ఉంది, మీటరు దగ్గర ఉంది. దీపావళి బల్బులకు సరిపోయే సన్న వైరులో, రెండు అతుకులు దాటి, ప్లగ్గు బదులు అగ్గిపుల్లలు దోపిన సాకెట్టు గుండా షెడ్డు చివరికి వచ్చేసరికి దానికీ ఓపిక అయిపోతుంది.

అసలు రోగం గైడు పట్టీది. దాని వెనక కొస బ్లేడు వైపు వాలి ఉంటుంది. చెక్క ముందు నుంచి హాయిగా దూరి, వెనక్కి చేరేసరికి రెండింటి మధ్యా ఇరుక్కుంటుంది. పైకి లేచే వెనక పళ్ళు దాన్ని ఎత్తి, నెడుతున్న కుర్రాడి పొట్ట మీదకి విసురుతాయి. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు పళ్ళ వేగం గంటకు సుమారు 190 కిలోమీటర్లు. దీనికి ఓనరు గారు పెట్టిన పేరు ‘చెక్క తన్నింది’. నేరం చెక్కదే అన్నమాట. ప్లగ్గు పీకి, ఒక పంటికి సుద్ద గుర్తు పెట్టి, బల్ల గాడి నుంచి ఆ పంటి దాకా ముందొకసారి, బ్లేడు తిప్పి వెనకొకసారి కొలిస్తే బ్లేడు వంకర బయటపడుతుంది. తర్వాత గైడునూ అదే గాడితో సరిచూసుకోవాలి. కోసిన సందు మూసుకుపోకుండా బ్లేడు వెనక నిలబడే ఉక్కు రేకును మంచి మిషనుతో కంపెనీవాడే ఇస్తాడు. అదీ గార్డుతో పాటే అటకెక్కింది.

కొందరికి ఆ బెడదా లేదు. పాలరాయి కోసే చేతి కట్టర్‌ను ప్లైవుడ్ ముక్క కింద తలకిందులుగా బిగించి, స్విచ్చికి టేపు చుట్టేస్తారు. ఆపాలంటే వంగి వైరు లాగాలి. ఏ చేత్తో అన్నది అప్పటికి మిగిలినదాన్ని బట్టి.

చట్టాలు లేవని కాదు. ప్రమాదకరమైన యంత్ర భాగాలకు కంచె కట్టమని 1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌ ఏనాడో చెప్పింది. 1923 నాటి పరిహార చట్టమైతే తెగిన వేలు ఎంత సంపాదనశక్తిని పట్టుకుపోతుందో శాతాల్లో లెక్కకట్టింది: బొటనవేలికి 30, చూపుడువేలికి 14, చిటికెనవేలికి 7. ఓనరు గారు అంత చదువు చదవలేదు. కుర్రాడికి కట్టు కట్టించి, ఆ ఖర్చు జీతంలో కోసుకుని, మర్నాడు మెకానిక్‌కి ఫోన్ చేస్తారు: “మిషనులో ఏదో తేడా ఉందయ్యా, వచ్చి చూడు.”