కుర్చీ కాళ్ల మాస్టారు

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ, జంగ్లీఘాట్‌లో మా మాస్టారి పేరు మాత్రం మారలేదు. బళ్లో ఏ పాఠం చెప్పేవారో మర్చిపోయినవాళ్లు కూడా ఆయన్ని కుర్చీ కాళ్ల మాస్టారనే పిలుస్తారు. ఈ బాపతు మనిషి ఊరికొకరు ఉంటారు. మనకు అచ్చుగుద్దినట్టు ఒకేలా కనిపించే రెండు వస్తువుల మధ్య తేడా పట్టుకుని, ఆ తేడా నిజమేనని రుజువు చేయడానికి మూడోది కొంటారు. కొందరికి ఈ జబ్బు స్టాంపులతో వస్తుంది, కొందరికి అగ్గిపెట్టె లేబుళ్లతో. శ్రీకాకుళం నుంచి దీవులకొచ్చిన కుటుంబంలో పుట్టిన మా మాస్టారికి రోమన్ నాణేలతో వచ్చింది.

కుర్చీ సంగతేమిటంటే, రోమ్‌ను క్రీ.శ. 14 నుంచి 37 వరకు ఏలిన టైబీరియస్ ఒక వెండి డినారియస్ వేయించాడు. బొమ్మ వైపు చక్రవర్తి తల, బొరుసు వైపు కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ. ఆవిడ చక్రవర్తి తల్లి లివియా అని చాలామంది అంటారు. అచ్చులు చేత్తో చెక్కేవారు కాబట్టి కుర్చీ కాళ్లు కొన్నింటిలో సాదాగా, కొన్నింటిలో నగిషీతో ఉంటాయి. కాళ్ల కింద ఒక గీత ఉన్నవి వేరు, రెండు గీతలున్నవి వేరు. చేతిలో ఉన్నది రాజదండమా, తలకిందులుగా పట్టిన ఈటెనా అన్నది మరో తగాదా. చక్రవర్తి ముఖం మాస్టారికి అక్కర్లేదు. నాణెం చేతికి రాగానే తిరగేసి, భూతద్దం పెట్టి, ముందు కాళ్లు చూస్తారు.

ఒకసారి ఇంట్లో పడాక్ కుర్చీ బాగుచేయడానికి వడ్రంగి వస్తే, పని పక్కన పెట్టించి అతని కంటికీ భూతద్దం తగిలించారు. "ఈ కాళ్లు తరిమెన పట్టినవేనంటావా?"

అతను చాలాసేపు చూసి, "ఇంత సన్నకాళ్లు మడిసి బరువుకి ఆగవు మాస్టారూ. ఈయమ్మ కూకోలేదు, కూకున్నట్టు ఉంది," అన్నాడు. ఆ మాట మాస్టారు నోటుబుక్కులో ఎక్కించి, పక్కన తేదీ వేసుకున్నారు.

ఎదురింటి చేపల వ్యాపారి లెక్కే వేరు.

"ఏటి మాస్టారూ, బంగారవా?"

"వెండి. నాలుగు గ్రాములకు కాస్త తక్కువ."

"మరి కాళ్లు బాగుంటే ధర పెరుగుతాదా?"

"పెరగదు."

"మరెందుకండీ బాబూ! నికోబార్లో వెనకటికి కొబ్బరికాయలే డబ్బంట కదా. అదైతే లెక్కెట్టాక తినీవచ్చు."

ఇక్కడ అతను తెలియక తేనెతుట్టె కదిపాడు. 1890లలో ఈ దీవుల చీఫ్ కమిషనర్‌గా ఉన్న సర్ రిచర్డ్ టెంపుల్, నికోబారీలు సరుకుల ధర కొబ్బరికాయల్లో కట్టే పద్ధతిని గురించి రాశాడని మాస్టారు అందుకున్నారు. చేపలు మెత్తబడేదాకా వదల్లేదు.

అగస్టస్ కాలపు డినారియస్‌ల దగ్గర కథ వంటింట్లోకి వస్తుంది. వాటి మీద ఆయన మనవలు గైయస్, లూసియస్ డాళ్లు, ఈటెలు పట్టుకుని నిలబడతారు. వాళ్ల తలల మధ్య పూజకు వాడే ఒక గరిటె, ఒక వంకర కర్ర ఉంటాయి. కొన్నింటిలో గరిటె ఎడమన, కొన్నింటిలో కుడిన. "రెండువేల ఏళ్ల కిందటి గరిటె ఏ పక్కనుందో చెప్తారు. మనింట్లో గరిటె ఎక్కడుందో చెప్పమనండి," అంటుంది మాస్టారి ఇల్లాలు, మా అందరి పిన్ని. మిరియాల వంటి సరుకులకని రోమ్ సొమ్ము ఏటా అయిదు కోట్ల సెస్టర్షియస్‌లు ఇండియాకు తరలిపోతోందని ఆనాడు ప్లినీ వాపోయాడు. ఇప్పుడు ఆ సొమ్ము ఎదురు దారి పట్టి పింఛనులోంచి నాణేల డీలర్లకు తరలిపోతోంది. ప్లినీ బాధ ఈ దీవుల్లో పిన్నికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

తేమ మరో శత్రువు. రెండు ఋతుపవనాలూ కురిసే ఊరు, చుట్టూ ఉప్పుగాలి. వెండి నల్లబడుతుంది, రాగి మీద పచ్చటి పొడి లేస్తుంది. అందుకే వీధిలో ఎవరు కొత్త బూట్లు కొన్నా పెట్టెలోని సిలికా జెల్ పొట్లం మాస్టారికి చేరాలి. పెళ్లిపిలుపుకొచ్చిన వాళ్లను కూడా ముందు కాళ్లకేసి చూసి, తర్వాత కూర్చోమంటారు.

నాణేల కోసం అండమాన్ నేల తవ్వాలన్న ఆశ ఆయనకు లేదు. తవ్వి దొరికితే మాత్రం దక్కుతుందా? పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 చట్టం చెబుతోంది. అందుకే వీలున్నప్పుడల్లా ఓడెక్కి విశాఖలో దిగి, అక్కణ్ణుంచి హైదరాబాద్ మ్యూజియానికి వెళ్తారు. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో సుమారు 1,500 రోమన్ వెండి నాణేలు దొరికాయి. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద పుస్తకమే వేశారు. మన దేశంలో బయటపడ్డ ఈ నాణేల్లో చాలావాటికి చక్రవర్తి ముఖమ్మీద ఉలిగాటు ఉంటుంది. లోపల రాగి ఉందేమోనని మన వర్తకులు పరీక్షించారని కొందరు, పరాయి రాజు పెత్తనం ఇక్కడ చెల్లదని కొట్టారని కొందరు వాదిస్తారు. మాస్టారు ఏ పక్షమూ కాదు. గాట్లు చెంప మీద ఎన్ని, మెడ మీద ఎన్ని అన్న లెక్క ఇంకా తేలలేదు.

ఈమధ్య ఆయనకు పెద్ద దెబ్బే తగిలింది. పోస్టులో వచ్చిన ఒక టైబీరియస్ అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపించింది. సుత్తితో కొట్టిన నాణేనికి ఆ గీత ఉండదు, పోతపోసిన దానికి ఉంటుంది. ఇంట్లో దుఃఖం మొదలైంది. పిన్ని కూడా జాలిపడి, ఆ రోజు ప్లినీ మాటెత్తలేదు. పరామర్శకని వెళ్లేసరికి మాస్టారు మొహం వెలిగిపోతోంది.

"నకిలీయేనయ్యా, సందేహం లేదు. కానీ నకిలీల్లో కూడా రకాలున్నాయి! ఆ కాలంలోనే మనవాళ్లు రోమన్ నాణేలకు అనుకరణలు చేశారు. అది ఒక తరగతి. ఇది ఇప్పటి పోత, ఇదొక తరగతి." కొత్త నోటుబుక్కు అప్పటికే తెరిచారు. ఇలాంటి నకిలీలు ఇంకేమైనా ఉంటే మొదట తనకే చెప్పమని డీలరుకు ఉత్తరం కూడా రాశారు.

డీలరు మండిపడి జవాబిచ్చాడు. తన దగ్గర నకిలీ అన్నదే లేదని, అది నూటికి నూరుపాళ్లు అసలుదేనని ఒట్టేశాడు. మాస్టారు ఆ ఉత్తరం చదివి కుదేలైపోయారు.

"నా డబ్బు గంగలో కలిసిందయ్యా. అసలువి ఈ కాళ్లతోనే నా దగ్గర నాలుగున్నాయి!"