పదంటే పద్దెనిమిది

అమెరికా విశ్వవిద్యాలయాలకు నోబెల్ బహుమతులు కుప్పలుతెప్పలుగా వస్తాయి. ఎక్కాలే ఇంకా రాలేదు. బిగ్ టెన్ అని అక్కడొక క్రీడా కూటమి ఉంది. పేరులో పది, హాజరుపట్టీలో 18. బిగ్ ట్వెల్వ్ అని మరొకటి, అక్కడ డజనుకు 16. లెక్కలు పోతే పోయాయి, భూగోళమైనా వచ్చా అంటే, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో 2024 నుంచి స్టాన్‌ఫర్డ్, బర్కిలీ సభ్యులు. రెండూ కాలిఫోర్నియాలో, అవతలి సముద్రం వైపు. వాటితోపాటు చేరిన సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఉన్నది డాలస్‌లో. ఆ ఊళ్లో బిర్యానీకి లోటు లేదు గానీ సముద్రం మాత్రం లేదు.

కాలేజీ ఆటలనగానే మనకు గుర్తొచ్చేవి పీఈటీ సారు ఈల, గాలి దిగిన వాలీబాలు, యాన్యువల్ డే నాడు ముఖ్య అతిథి చేతుల మీదుగా ఒక స్టీలు గిన్నె. అక్కడి వ్యవహారం వేరు. మిచిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షమందికి పైగా కూర్చుంటారు. చాలా రాష్ట్రాల్లో సర్కారు జీతగాళ్లలో అందరికంటే ఎక్కువ పుచ్చుకునేది గవర్నరు కాదు, ప్రభుత్వ యూనివర్సిటీ కోచ్. ఆడే కుర్రాళ్లకు మాత్రం మొన్నమొన్నటి దాకా కాలేజీ జీతం ఇవ్వకూడదు. విద్యార్థులు కదా, డబ్బు చూస్తే చదువు మీద ధ్యాస పోతుంది. యూనివర్సిటీ అధ్యక్షులకు ఆ బెంగ లేదు, వాళ్ల చదువు ఎప్పుడో అయిపోయింది.

ఈ జాతరకు కొబ్బరికాయ కొట్టింది సుప్రీంకోర్టు. 1984 దాకా ఎవరి ఆట ఎన్నిసార్లు టీవీలో రావాలో కాలేజీ క్రీడల పెద్ద సంఘం ఎన్‌సీఏఏ తేల్చేది. ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు దావా వేస్తే, ఆ పెత్తనం చెల్లదని కోర్టు 7-2తో తీర్పిచ్చింది. ఇక టీవీ బేరాలు ఎవరివి వాళ్లవే. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ బైరన్ వైట్. కొలరాడో యూనివర్సిటీకి ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకున్న మనిషి. లోగుట్టు తెలుసు గనకే కాబోలు, కళ్లెం వదలొద్దన్నాడు. ఆయన చదివిన కొలరాడో తర్వాత ఏం చేసిందంటే, 2011లో బిగ్ ట్వెల్వ్ వదిలి పసిఫిక్ కూటమిలోకి దూకింది, 2024లో పసిఫిక్ వదిలి మళ్లీ బిగ్ ట్వెల్వ్‌లోకి దూకింది. మన పత్రికల భాషలో సొంతగూటికి చేరింది.

ఆ పసిఫిక్ కూటమిని పాక్-12 అంటారు. మన టీవీ చర్చలవాళ్లు కంగారు పడనక్కర్లేదు, ఇది వేరే పాక్. 1915 నాటి సంస్థ. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ తాము బిగ్ టెన్‌కు పోతున్నామని ప్రకటించాయి. ఏడు వారాలు తిరిగేసరికి బిగ్ టెన్ వారు ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పందం ప్రకటించారు. మిగిలినవాళ్లు ఏడాదిపాటు టీవీ కంపెనీల గుమ్మాలెక్కి దిగితే చివరికి దొరికింది ఆపిల్ వారి ప్రతిపాదన: చందాదారులు పెరిగేకొద్దీ ఆదాయం పెరుగుతుంది. అంటే ఆటతోపాటు చందాల వసూలు కూడా యూనివర్సిటీలే చూసుకోవాలన్నమాట. 2023 ఆగస్టు 4న ఓరెగన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కూ, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ ట్వెల్వ్‌కూ మూటాముల్లె సర్దుకున్నాయి. ఒక్కరోజున ఐదు. స్టాన్‌ఫర్డ్, బర్కిలీ కూడా పోయాక మిగిలింది ఓరెగన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. కాన్ఫరెన్స్ కాల్‌కైనా ముగ్గురుండాలి.

పోయేవాళ్లు ఊరికే పోలేదు. కూటమి బోర్డులో మా ఓటు మాకుంది, ఖజానాలో మా వాటా మాకుంది అని పట్టుబట్టారు. వాషింగ్టన్ స్టేట్ ఉండే పుల్‌మన్ గోధుమ పొలాల మధ్య ఊరు. ఆ పక్కనే కోల్‌ఫాక్స్ అనే ఇంకా చిన్న ఊళ్లో జిల్లా కోర్టు. మిగిలిన ఇద్దరూ అక్కడ దావా వేశారు. మహామహా యూనివర్సిటీల వకీళ్లు అక్కడికి దిగితే, 2023 నవంబరులో జడ్జి గారు బోర్డు మీద హక్కు మిగిలిన ఇద్దరిదేనన్నారు.

విడాకుల కేసుల్లో భరణం ఉండాలి కదా, అదీ ఉంది. యూసీఎల్ఏ, బర్కిలీ ఒకే కాలిఫోర్నియా యూనివర్సిటీ బిడ్డలు. ఒకడు డబ్బున్న ఇంటికి వెళ్లి రెండోవాణ్ని నడివీధిలో వదిలేశాడని పాలకమండలి తగువు తీర్చింది. యూసీఎల్ఏ ఏటా కోటి డాలర్లు, మూడేళ్లపాటు, బర్కిలీకి ఇచ్చుకోవాలి. యూసీఎల్ఏ క్రీడాశాఖ అసలు వెళ్లిందే అప్పులు తీర్చుకోవడానికి. ఇక డాలస్ వారిది ఎదురుకట్నం. మమ్మల్ని చేర్చుకోండి చాలు, తొమ్మిదేళ్లు టీవీ వాటా అడగం అన్నారు. ఆ లోటు పూడ్చడానికి దాతలు వారంలోపే 10 కోట్ల డాలర్లు పోగేశారు. తరగతి గదుల కోసం ఆ దాతలను ఒకసారి అడిగి చూడాలి.

ఈ పద్దులో మనవాళ్ల పైసలూ ఉన్నాయి. 2014లో బిగ్ టెన్ వారు న్యూజెర్సీలోని రట్గర్స్‌ను చేర్చుకున్నది ఆ జట్టు ఆట చూసి కాదు, న్యూయార్క్ చుట్టుపక్కల కేబుల్ కనెక్షన్లు చూసి. కూటమి ఛానల్ మామూలు ప్యాకేజీలో పడితే చాలు, చూసినా చూడకపోయినా ఇంటింటి బిల్లులో ఎంతోకొంత పడుతుంది. రట్గర్స్ స్టేడియం పిస్కాటవేలో ఉంది, పక్క ఊరు ఎడిసన్. తెలుగు సీరియళ్ల కోసం కేబుల్ పెట్టించుకున్న ఎడిసన్ పిన్నిగారు బంతి ఆకారం తెలియకుండానే అమెరికన్ ఫుట్‌బాల్‌కు మహారాజపోషకురాలైపోయారు.

ఎవరు ఎక్కడికి దూకినా ప్రకటనలో విద్యార్థుల మేలు కోసమే అనే మాట ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఆ మేలు ఎలాంటిదో చూద్దాం. 2024లో యూసీఎల్ఏ ఫుట్‌బాల్ జట్టు హవాయిలో మొదలుపెట్టి లూసియానా, పెన్సిల్వేనియా మీదుగా న్యూజెర్సీ దాకా పోయి ఆడింది. వాళ్లకైతే ప్రత్యేక విమానం, వారానికి ఒక్కటే ఆట. వాలీబాల్ అమ్మాయికి ఆ వైభోగమూ లేదు, ఆటలూ ఎక్కువ. ఖండం అవతల, మూడు గంటలు ముందు నడిచే ఊళ్లో ఆడి, ఎయిర్‌పోర్టు కుర్చీలో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని అసైన్‌మెంట్ రాసుకోవాలి. ఆమె ఆట కోసం ఏ ఛానలూ కోట్లు గుమ్మరించలేదు. ఫుట్‌బాల్‌కు కుదిరిన బేరానికి ఆమె కూడా సామానుతోపాటు వెళ్లింది.

ఫుట్‌బాల్ ఆట ఎన్ని గంటలకో చాలా వారాల్లో పన్నెండు రోజుల ముందు, ఒక్కోసారి ఆరు రోజుల ముందుగానీ తెలియదు. టీవీవారు చెప్పాలి. మైదానం గీత దగ్గర ఎర్ర టోపీ పెట్టుకుని ఒకాయన నిలబడి ఉంటాడు. అంపైరు కాదు, కోచ్ కాదు. ప్రకటనలు అయిపోయాయని ఆయన సైగ చేసేదాకా లక్షమంది ప్రేక్షకులూ ఇరవై ఇద్దరు ఆటగాళ్లూ నోరు మూసుకుని నిలబడాల్సిందే. యూనివర్సిటీ అధ్యక్షుడు ఎవరని కొత్త విద్యార్థి అడిగితే ఆ టోపీని చూపిస్తే సరిపోతుంది.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీతో ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచే వీలొచ్చింది. దానితో కూటములు చల్లబడతాయని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఇప్పుడు జీతాలకూ డబ్బు కావాలి, కాబట్టి ఇంకా పెద్ద టీవీ బేరం కావాలి.

పాక్-12లో మిగిలిన ఆ ఇద్దరి సంగతి చెప్పలేదు కదూ. 2024లో ఆడటానికి జట్లు లేక పొరుగున ఉన్న మౌంటెన్ వెస్ట్ కూటమిని ఆశ్రయించారు. ఆడతాం గానీ మా కాలేజీలను లాక్కుంటే జరిమానా కట్టాలని వాళ్లు షరతు పెట్టారు, వీళ్లు సంతకం చేశారు. ఆ సెప్టెంబరులోనే బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ సహా ఐదింటిని లాగేశారు. మౌంటెన్ వెస్ట్ 5.5 కోట్ల డాలర్ల బిల్లు చేతికిచ్చింది. పాక్-12 కోర్టుకెక్కింది: నచ్చిన కూటమికి పోయే కాలేజీల మీద ఇలా జరిమానా వేయడం పోటీ చట్టానికే విరుద్ధమట. అంతకు పది నెలల ముందు కోల్‌ఫాక్స్‌లో కళ్లొత్తుకున్నదీ వీళ్లే.