పాసు మార్కు 70

పిల్లలకు మార్కులు పెరగాలని మొక్కుకోవడం మామూలే. ఆటిజం బిడ్డల తల్లులది మాత్రం వింత మొక్కు: లోపం మార్కులు పెరగాలి! మన దేశపు ‘ఐసా’ కొలమానంలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 వస్తే 40 శాతం వైకల్యం. సదరం వైకల్య సర్టిఫికెట్టుకు, పింఛనుకు దారి. 69 దగ్గర ఆగితే అసలు ఆటిజమే లేదు. పరీక్ష రోజున పిల్లాడు బుద్ధిగా డాక్టరు కళ్లలోకి చూసి నవ్వాడో, కొంప మునిగినట్టే.

అన్నీ దాటి ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 6,000 రూపాయల పింఛను తెచ్చుకున్నా నిశ్చింత లేదు. 2025లో వైకల్య పింఛన్లకు మళ్లీ తనిఖీలు మొదలయ్యాయి. నకిలీలను ఏరాలి, నిజమే. ఆటిజమే కాదు, పుట్టుకతో వచ్చిన డౌన్ సిండ్రోమ్ కూడా ఈలోగా తగ్గిపోయిందేమో చూసుకోవాలి గదా!